ఆపద్రక్షణ విద్యాలయము: నాగపురమునుండి మన్యము వరకు

ఎవరి స్మృత్యర్థము ఈ ధర్మనిధి ఏర్పడినదో ఆ ఉపాధ్యాయుడు తన బడిపిల్లలకు లెక్కలతోపాటు గాయమునకు కట్టు కట్టుటయు నేర్పినవాడగుటచే, ఆపదయందు మనుష్యుని కాపాడు విద్యను బోధించుటకై మన దేశమున వెలసిన విద్యాలయముల చరిత్రనే నేటి ప్రసంగమునకు విషయముగా గైకొంటిని.

1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు విడిచిన నాడు, రేవు పట్టణపు జనము మూటాముల్లె సర్దుకొని పల్లెలకు తరలిపోయినది. దీపము లార్పుట, మంట లార్పుట, కూలిన గోడక్రిందివానిని వెలికిదీయుట మున్నగునవి సైనికులకే కాక సామాన్య పౌరునికిని నేర్పవలసిన పనులని పాలకులకు గట్టిగా తోచినది ఆ యుద్ధకాలముననే; ఏ.ఆర్.పి. (వైమానిక దాడుల ముందుజాగ్రత్త) అను పేర సాగిన ఆనాటి కట్టుబాటులనుండియే నేటి పౌరరక్షణము పుట్టినది.

స్వతంత్ర భారతమున ఈ విద్యకు తొలి జాతీయ పాఠశాల 1957 ఏప్రిల్ 29న నాగపురమున కేంద్ర అత్యవసర సహాయ శిక్షణ సంస్థ అను పేర వెలసినది. వరదలు, భూకంపములు వచ్చినపుడు ముందు నిలిచి పని నడపగలవారిని తయారుచేయుట దాని తొలి సంకల్పము. ఇంతలో 1962లో చైనాతోను, 1965లో పాకిస్తానుతోను యుద్ధములు వచ్చిపడగా, బోధన వైమానిక దాడులవైపు మొగ్గి, 1968లో ఆ సంస్థయే జాతీయ పౌరరక్షణ కళాశాలయైనది. అర్ధశతాబ్ది గడచినపిదప, 2018 ప్రాంతమున, అది జాతీయ విపత్తు ప్రతిస్పందన దళపు అకాడమీలో లీనమై మరల తన మొదటి పనికే చేరుకొన్నది. పేరు లెన్ని మారినను ఆ పాఠశాల పద్ధతి ఒక్కటే: అచ్చట నేర్చినవాడు తన రాష్ట్రమునకు పోయి ఇతరులకు నేర్పవలెను, వారు జిల్లాకు, జిల్లావారు ఊరికి. పద్ధతి మంచిదే. అయితే ఆ గొలుసు చివరి కొస ఏ ఊరిని తాకినదన్నదే నేను అడుగదలచిన ప్రశ్న.

మన తెలుగునాట ఈ విద్యకు విలువ తెలియుటకు 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెన కావలసివచ్చెను. సుమారు పదివేల ప్రాణములు పోయినవి. వాతావరణ శాఖ హెచ్చరిక లేకపోలేదు. దానిని అందుకొని జనమును మెరకకు చేర్చగల ఏర్పాటే లేకపోయెను. అంతటి తుపానే 1990 మే నెలలో వచ్చినపుడు లక్షలాది జనమును ముందుగా తరలించుటచే మృతుల సంఖ్య వేయి దాటలేదు. ఈ విద్యకే 1995లో ఢిల్లీలో ఏర్పడిన జాతీయ విపత్తు నిర్వహణ కేంద్రము, 2005 నాటి చట్టముచే ప్రతిపత్తి పొందిన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థగా పెరిగినది. దాని దక్షిణ ప్రాంగణమునకు గన్నవరము దాపున కొండపావులూరులో 2018లో శంకుస్థాపన జరుగగా, 2025 జనవరిలో ప్రారంభోత్సవమైనది. ప్రతిస్పందన దళపు పదవ బెటాలియను నివాసమును అచ్చటనే. ఇది సంతోషింపదగిన విషయము. కాని ఊరి పేరులో కొండ యున్నంతమాత్రమున ఆ పాఠములు కొండ ఎక్కినట్లు కాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖవద్ద తీరము దాటి మన అరకు కొండలమీదికి వచ్చినది. తుపానును తీరవాసుల కష్టముగానే ఎంచుచుండిన మనకు, కాఫీతోటలలో నీడకై పెంచిన సిల్వరోకు మాకులు మిరియపు తీగలతోసహా కాఫీ మొక్కలపై ఒరిగిన దృశ్యము క్రొత్త. ఘాట్‌రోడ్డు మూతపడినది, కరెంటు లేదు, ఫోను లేదు. బైటి సహాయము వచ్చులోపల దారి తెరచినవి ఊరివారి గొడ్డళ్లే. ఇచ్చట ఒక సూక్ష్మము చెప్పవలసియున్నది. గాలికి పడి, కొస ఎచ్చటనో చిక్కుకొని, విల్లువలె వంగి బిగిసియున్న మానును బిగువుగల వెలుపలి ప్రక్కనుండి ఒక్కపెట్టున నరికినచో అది చీలి పైకెగసి నరకువానినే కొట్టును. వంపు లోపలి ప్రక్కను ముందు కొంత కోసి, పిదప వెలుపలి ప్రక్కను కొద్దికొద్దిగా సడలింపవలెను. ఇది రక్షణదళములకు పాఠముగా చెప్పెదరు. పోడు కొట్టిన మన ముసలివారికి ఏ పుస్తకమును లేకయే తెలియును. తెలియనిది పట్నపు చదువునకు పోయి తిరిగివచ్చిన పిల్లవానికే.

ఊరి నేర్పును బడి పాఠమును ఒకదానికొకటి తోడగుటకు రెండవ ఉదాహరణము డోలీ. రోడ్డులేని గూడెములనుండి రోగిని కఱ్ఱకు కట్టిన దుప్పటిలో మోసికొని పొంగిన గెడ్డ దాటించుట మనకు నేటికిని తప్పలేదు. పౌరరక్షణ తరగతులలో ఒకే త్రాడున రెండు ఉచ్చులు వేసి, ఒకటి చంకలక్రింద, రెండవది మోకాళ్లక్రింద ఇమిడ్చి మనిషిని దింపు కుర్చీముడి నేర్పుదురు. అడ్డతీగ నారతో త్రాడు పేని బరువు కట్టుట ఎరిగిన చేతులకు ఆ ముడి ఒక్క పూటలో వచ్చును. ఎముక విరిగినవానిని, వెన్ను దెబ్బతిన్నవానిని డోలీలో కుంగునట్లు పరుండబెట్టరాదను మాట మాత్రము ఎవరైనను చెప్పిననేగాని తెలియదు. రెండు ప్రక్కలను నేర్పవలసినదియు నేర్చుకొనవలసినదియు కలదు.

2016లో వరదముప్పుగల 30 జిల్లాలలో మొదలై, తరువాత విస్తరించిన ఆపదమిత్ర పథకము గ్రామస్థులనే తొలి రక్షకులుగా తీర్చదలచినది. దానినే మన కొండలకు తగినట్లు మలచవలెనని నా మనవి. తరగతి కొండపావులూరులో కాక పాడేరులోనో అరకులోనో జరుగవలెను. సంతరోజున పెట్టరాదు, కోతలకాలమున అసలే పెట్టరాదు. బోధన ఆదివాసీ ఒడియాలోను, కువిలోను సాగవలెను. పుస్తకపు తెలుగు, అనగా నేనిపుడు మాటలాడుచున్నది, అక్కడ పనికిరాదు. నైలాను త్రాళ్లు, రంపములు, స్ట్రెచరు పలకలు తరగతి ముగియగనే లారీ ఎక్కి పోక పంచాయతీ కార్యాలయమున నిలువయుండవలెను. వాని తాళపుచెవి ఊరిలోనే యుండువాని చేతిలో నుండవలెను.