పందెపు బాటపై కారు – మంటలార్పు సాధనము



పెట్రోలు మండనిదే పెట్రోలు కారు కదలదు. ఇంజను గోడల నడుమ మండవలసిన ఆ నిప్పు వెలుపలికి వచ్చెనేని మనమేమి చేయవలెనన్నదే నేటి మన విషయము. వాడుకలో ఫైర్ ఎక్స్‌టింగ్విషరు అని పిలువబడు మంటలార్పు సిలిండరును కారులో ఎట్లు బిగింపవలెనో, ఎట్లు కాపాడుకొనవలెనో ముచ్చటించుకొందము.

సొంత కారును రాకపోకలు లేని పందెపు బాటపైకి కొనిపోయి, పోటీ లేకయే వేగముగా నడుపుకొను దినమును ట్రాక్ డే యందురు. చెన్నపట్టణమునకు చేరువనున్న ఇరుంగాట్టుకోట్టై బాట 1990లో వెలసినది. కోయంబత్తూరు చెంత మరియొక బాట కలదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదున హుస్సేను సాగరు ఒడ్డుననే విద్యుత్తు కార్ల పందెము జరిగినది. ఇట్టి బాటలపై కారు నడుపవలెనను ఉబలాటము మన యువకులకును కలదు.

ఊరి వీధులలో నెమ్మదిగా తిరుగు కారునకు లేని చిక్కులు ఇచట పుట్టును. బ్రేకులు ఎఱ్ఱగా కాలును. వదులైన గొట్టము నుండి కారిన నూనె, పొగగొట్టపు వేడికి భగ్గుమనును. తీగె ఒరసికొని నిప్పురవ్వ లేచును. బాటప్రక్కన మార్షలులు నిలిచియుందురు. కాని వారు పరుగెత్తి వచ్చులోపలి కొలది క్షణములు నడుపువానివే.

ఆ క్షణముల విలువ చరిత్రయే చెప్పుచున్నది. 1973 జూలై 29న నెదర్లాండ్సులోని జాండ్‌వోర్ట్ బాటపై రోజర్ విలియమ్‌సన్ కారు తలక్రిందులై అంటుకొనెను. తోటి పందెగాడు డేవిడ్ పర్లీ తన కారు నిలిపి పరుగెత్తి, మార్షలు చేతి సిలిండరును తీసికొని మంటపై కుమ్మరించెను. మంట ఆగలేదు, కారు తిరుగబడలేదు, విలియమ్‌సన్ దక్కలేదు. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో రోమాఁ గ్రోజాఁ కారు రెండు ముక్కలై మండెను. అతడు అర నిమిషము లోపుగా తానే వెలికి దూకెను. చేతులు కాలినవి, ప్రాణము నిలిచినది. కనుక మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిది: సిలిండరు కారును దక్కించుకొనుటకు కాదు, మనిషి బయటపడుటకు త్రోవ చేయుటకు.

ఎట్టిది కొనవలెను? చేతితో పట్టుకొను వానిలో 2 కిలోల పొడి సిలిండరు తగినది. ఐ.యస్.ఐ. గుర్తు చూచి తీసికొనుడు. బొగ్గుపులుసు వాయువు మూసిన కారులో ఊపిరి తిరుగనీయదు. ఆరుబయట గాలికి చెదరిపోవును. పొడియు కన్నులకు, గొంతునకు బాధ కలిగించును. అల్యూమినియమును తినివేయును గనుక మంట ఆరిన పిదప శుభ్రముగా తుడిచివేయవలెను. విద్యుత్తు కారు బ్యాటరీ అంటుకొన్నచో ఈ చిన్న సిలిండరు దానిని చల్లార్పజాలదు. దిగి దూరముగా పోవుటయే మేలు.

ఇక బిగింపు. పలువురు ఏమరుచున్న దిచ్చటనే. అంతర్జాతీయ మోటారు పందెపు నిబంధనల ప్రకారము, ఈ బిగింపు భూమ్యాకర్షణకు 25 రెట్లయిన కుదుపునకు తాళవలెను. పొడితో కూడ మూడున్నర కిలోలు తూగు సిలిండరు ఆ కుదుపులో 87 కిలోల బలముతో ముందునకు దూకును. అనగా ఒక దృఢకాయుడు మనపై వచ్చి పడినట్లే! రక్షింపవలసిన వస్తువే ప్రాణము తీయగలదు.

కావున ప్లాస్టిక్కు పట్టీలను, రేకు మరలను నమ్మరాదు. లోహపు చట్రమును 8 మిల్లీమీటర్ల బోల్టులతో కారు నేలకు బిగించి, అడుగున ఇనుప పలకను వేసి, వదులుకాని నట్లను వాడవలెను. సిలిండరు చుట్టు ఒక్క గుంజుతో విడివడు లోహపు పట్టీలు రెండుండవలెను. బెజ్జము వేయుటకు ముందు కారు క్రిందికి వంగి చూచి, అచట పెట్రోలు గొట్టము గాని, బ్రేకు గొట్టము గాని, తీగెలు గాని లేవని నిశ్చయించుకొనుడు. నడుపువాని చేతికి అందుచోట, ప్రక్క సీటుకు ముందు అడ్డముగా అమర్చుట మంచిది. వెనుక సామానుల పెట్టెలో దాచినది ఆపత్సమయమున అక్కరకు రాదు. బిగించిన పిమ్మట, కన్నులు మూసికొని దానిని విడదీయుట అభ్యసింపవలెను.

తరువాతిది సంరక్షణ. బాటపైకి పోవు ప్రతిదినము ముల్లు పచ్చని భాగమున నున్నదా, పిన్ను, సీలు చెదరలేదా, గొట్టము పగులలేదా యని చూడవలెను. కారు అదురునకు పొడి అడుగున గట్టిపడును గనుక, నెలకొక మారు సిలిండరును తలక్రిందుగా పట్టి కుదుపవలెను. ఇంటికి వచ్చిన పిదప బోల్టులను మరల బిగించుట మరువరాదు. ఒక్క క్షణము మీట నొక్కినను పొడి రేణువులు కవాటములో చిక్కుకొని పీడనము మెల్లగా జారిపోవును. అట్టి దానిని నింపించియే తిరిగి వాడవలెను. మన యెండలలో మూసియుంచిన కారు కొలిమివలె కాగును. సిలిండరుపై వ్రాసిన వేడి హద్దును గమనింపుడు. పందెపు నిబంధనలు రెండేండ్ల కొకమారు పరీక్ష చేయింపుమనుచున్నవి. మనకును అదియే తగిన గడువు.

కడపట వాడుక. పొగ కనబడగనే మార్షలు ఉన్న ప్రక్కకు కారును నిలిపి, ఇంజను ఆపి, పట్టీలు విప్పి, ముందు మనుషులు దిగవలెను. సిలిండరు ఆ పిదప. గాలి వీపునకు తగులునట్లు నిలిచి, రెండు మీటర్ల దూరము నుండి, మంట నాలుకలపై గాక మొదటిపై అటునిటు చల్లవలెను. బానెటును పూర్తిగా ఎత్తినచో గాలి సోకి మంట ఎగయును; కొద్దిగా సందు చేసి ఆ సందులోనికే చల్లుడు. పొడి యెనిమిది, పది సెకనులకు మించి రాదు. అంతలో ఆరనిచో కారు నక్కడనే విడిచి తొలగిపొండు.

కారు పోయిన మరియొకటి కొనవచ్చును. దాని కొఱకు మంటలో నిలిచినవానిని మాత్రము ఏ బజారునను కొనితేలేము. ఈ మాటను బాటపైకి పోవు మీ యింటి పిల్లల చెవిని వేయుడు. సెలవు.