ఓడలరేవున నావికాదళ శిక్షణార్థులకు హితవు



వైనతేయ సాగరసంగమమున నిలిచి నల్లసముద్రమును గూర్చి ముచ్చటించుట వింతగా తోపవచ్చును. కాని యిచ్చట సముద్రగర్భమునుండి గొట్టములగుండ సహజవాయువు తీరమును చేరుచున్నది. ఇచ్చటి జాలరుల బ్రదుకు ఆ నీటిపైననే యున్నది. ఇట్టి తీరములను కాచు భారము రేపు మీది.

2022 ఫిబ్రవరి 24న రష్యా యుక్రెయినుపై దండెత్తెను. కొలదిదినములకే యుక్రెయిను తన ప్రధాన యుద్ధనౌకను శత్రువు చేజిక్కకుండ తానే ముంచుకొనెను. పెద్ద యోడ మిగులని ఆ దేశమే, ఏప్రిలు 13న తీరమునుండి రెండు నెప్ట్యూను క్షిపణులను ప్రయోగించి, రష్యా నల్లసముద్ర నౌకాదళమునకు తలమానికమైన మాస్క్వాను కొట్టితినని ప్రకటించెను. మరునాడా నౌక మునిగెను. మందుగుండునకు నిప్పంటుకొనెననియు, లాగుకొని పోవుచుండగా తుఫానున మునిగెననియు రష్యా చెప్పెను.

పెద్ద యోడ చిన్న యాయుధమునకు లోబడుట మొదటి పాఠము. రెండవది అంతకన్న ముఖ్యము. దెబ్బను దెబ్బయని చెప్పనిచోట, మరల తగులకుండ కాచుకొను విద్య అలవడదు. రేపు మీ కావలిలో లోపము కలిగినచో పై యధికారికి నచ్చు మాట వ్రాయుదురా, జరిగినది వ్రాయుదురా? క్రింది నావికుడు కీడెంచి చెప్పినపుడు అతని హోదాను చూతురా, మాటను చూతురా? అధికారి యోగ్యత ఆ క్షణముననే తేలును. భుజకీర్తులు ప్రభుత్వమిచ్చును, నిజము పలుకు ధైర్యమును ఎవరికి వారే యార్జించుకొనవలెను.