పీపాయిలోని ఎండ

మా కనగానపల్లిలో పీపా యెరుగని యిల్లు లేదు. కిరసనాయిలు పీపాలో వచ్చెడిది. ఎండకాలమున బండిమీద నీళ్లు పీపాలో వచ్చెడివి. పెండ్లివారి యింట వాకిట నిలువబెట్టునది పీపాయే. కొయ్యది కానిండు, రేకుది కానిండు, నేటి ప్లాస్టిక్కుది కానిండు, పేరు మాత్రము మారలేదు. ఇది పోర్చుగీసువారి 'పీప' అను మాట. ఆ దేశములో పీప యనగా ద్రాక్షాసవము నింపు కొయ్యపాత్ర; అంతియేకాక అది యొక కొలత. డోరో నదీలోయలో ఒక పీప 550 లీటర్లు, మదైరా దీవిలో 418 లీటర్లు. అల్మారా, మేస్త్రీ, పాదిరి అను మాటలతోపాటు ఈ మాటయు ఓడనెక్కి వచ్చి మన యింట స్థిరపడినది. పాత్ర పేరు వచ్చినది గాని, పాత్రలోని వస్తువు మన పల్లెలకు రాలేదు. ఆ వస్తువెట్టిదో తెలిసికొను అవకాశము, ప్రయాణములో నుండగా, లిస్బను నగరమున ముప్పావుగంట సేపు నాకు దొరకినది. శ్రోతలకు నేడు దానిని గూర్చి చెప్పదలచితిని.

ఒక సంశయమును మొదటనే తీర్చవలసియున్నది. మద్యమన్నంతనే మన సీమలో ఆడవారి ముఖములు ముడుచుకొనును. అందుకు తగిన కారణము గలదు. సారాయి అంగడి ఎన్ని కాపురములను కూల్చినదో పల్లెలో పుట్టినవారికి చెప్పనక్కరలేదు. 1954లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము పడిపోయినది మద్యనిషేధమును గూర్చిన చర్చమీదనే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి దుకాణమున కెదురు నిలిచిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకెను. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చెను, 1997లో సడలెను. ఈ చరిత్ర నెరిగినవాడను గనుక, త్రాగుడును మెచ్చుకొనుటకు నేనిక్కడ కూర్చుండలేదు.

నాడు నేను చూచినదానికి పోర్చుగీసు భాషలో 'ప్రోవ' యని పేరు. పరీక్ష యని దాని యర్థము. బల్లమీద ప్రతివాని ముందు సన్నకాడ గాజుగిన్నెలు నాలుగు, నడుమ ఒక రేకుపాత్ర. నోటబెట్టినదానిని మ్రింగనక్కరలేదు, ఆ పాత్రలో ఉమ్మివేయవచ్చును. అట్లు ఉమ్మివేయువారినే అక్కడ అనుభవజ్ఞులుగా నెంచుదురు. మన సారాయి అంగడిలో గ్లాసెత్తినవాడు కన్నులు మూసికొని, ఊపిరి బిగబట్టి, ఒక్క గుక్కలో పోసికొని, వెంటనే ఉప్పుకల్లో ఊరగాయబద్దో నాలుకకు రాచుకొనును. రుచి తెలియకుండ చేసికొనుటయే అతని ప్రయత్నము. ఈ బల్లవద్ద అందరును రుచి తెలిసికొనుటకే అవస్థపడుచుండిరి.

మేము ఎనమండుగురము. నేర్పునది ముప్పది యేండ్లకు మించని యొక యువతి. ముందుగా గిన్నెను తెల్లనిగుడ్డపై వంచి రంగు చూడుడనెను. తరువాత గిన్నెను త్రిప్పి, ముక్కు దానిలోనుంచి వాసన చూడుడనెను. ఆ పిమ్మట చెంచాడు మాత్రము నోటబెట్టి, నాలుక యంతట తిరుగనిచ్చి, కొంచెము గాలి పీల్చవలెనట. వేడి పాయసము చల్లార్చుకొను పిల్లలవలె అందరము చప్పుడు చేసితిమి.

మొదటి గిన్నెలోనిది విన్యో వెర్దె. వెర్దె యనగా పచ్చనిది. రంగు పచ్చన గాదు, లేతది యని యర్థము. ఆ దేశపు వాయవ్యమూలనున్న, వానలు బాగుగా కురియు మిన్యో ప్రాంతమునందలిది. పులుపు, చల్లదనము, నాలుకపై చిటపటలాడు సన్నని నురుగు — వేసవిలో నిమ్మకాయనీళ్ల పని చేయును. దానిని గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

రెండవది డోరో లోయలోని ఎఱ్ఱని ఆసవము. అది నోటబడగానే చిగుళ్లు బిగిసి, నాలుక గరుకెక్కినది. ఏమి తోచుచున్నదని ఆమె వరుసగా అడిగెను. ఒకరు నోరెండినట్లున్నదనిరి. మరియొకరు ఉన్నిగుడ్డ నమిలినట్లున్నదనిరి. నాకు వెదకుకొననక్కరలేకపోయినది: వగరు! నేరేడుపండు తిన్న పిల్లవాడు, జామపిందె కొరికిన పిల్లవాడు ఎరిగినదే. ఐరోపావారి పాతలెక్కలో రుచులు నాలుగే. ఇది వానిలో చేరదు, దీనిని స్పర్శ యందురు. మన వైద్యశాస్త్రము కషాయమను పేరిట షడ్రసములలో దీనికొక పీట వేసినది. ద్రాక్షతొక్క, గింజ, కాడ — వీనినుండి దిగిన సారమే ఆ వగరు. ఏండ్లు గడచినకొలది అది మెత్తబడును. నేను 'వగరు' అను మాట చెప్పగా ఆమె రెండుమూడు సారులు పలికిచూచి, తన కాగితముపై వ్రాసికొనెను.

ఆ తరువాత ఆమె గోడమీది పటమును చూపి డోరో లోయను వర్ణించినప్పుడు నాకు పరదేశములో నున్నట్లు తోచలేదు. పలకలు పలకలుగా చీలు రాతికొండలు; మన్ను లేదు. తూర్పుకొసలో ఏడాదికి దాదాపు 400 మిల్లీమీటర్ల వానయే. మన అనంతపురపు సీమకు సుమారు 550 అందురు. అనగా మనకంటె తక్కువ! వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. తొమ్మిది నెలలు చలి, మూడు నెలలు నరకము అని ఆ లోయవారు తమ వాతావరణమును తామే ఆడిపోసికొందురు. అట్టిచోట మనుష్యులు రాతిని పగులగొట్టి, ఆ రాతితోనే గోడలు పేర్చి, కొండకు మెట్లు కట్టి, తీగ నాటిరి. తీగ వేరు ఆ రాతి చీలికల వెంట లోతునకు దిగి, తడి వెదకుకొనును. నీరు పెట్టి పెంచిన తీగకంటె అట్లు కష్టపడిన తీగ కాయలు చిన్నవి, సారము చిక్కనిది.

కష్టముచేత వచ్చిన పేరును కల్తీ ఎంత త్వరగా చెరుపునో కూడ ఆ లోయవారు చూచిరి. 1703లో ఇంగ్లండుతో జరిగిన ఒడంబడికవలన అక్కడి సరకునకు ఇంగ్లీషువారి బేరము పెరిగెను. బేరము పెరుగగానే, రంగు కొఱకు ఎల్డరు అను పొదకాయల రసము కలుపువారు బయలుదేరిరి. ధర పడిపోయెను. అప్పుడు పోంబాలుగా తరువాత ప్రసిద్ధికెక్కిన మంత్రి 1756లో ఒక కంపెనీ నేర్పరచి, ఈ గట్టునుండి ఆ గట్టువరకు పండినది మాత్రమే ఈ పేరున అమ్మవలెనని హద్దులు నిర్ణయించెను. హద్దురాళ్లు 300లకు పైగా పాతించిరి. లోయలోని ఎల్డరు పొదలను వేళ్లతో పెరికించిరి. ఊరిపేరునకు చట్టముచేత కావలి పెట్టిన తొలి యేర్పాట్లలో ఇది యొకటి. అంతకు ముందటి యేడే, 1755 నవంబరు 1న, భూకంపము లిస్బనును నేలమట్టము చేసినది. రాజధాని శిథిలములు తొలగింపకముందే ద్రాక్షతోటల హద్దులను గూర్చి చింతించిన ప్రభుత్వ మది! ఆయన కఠినుడనియు, ఆ కంపెనీ పెత్తనముపై పోర్టో నగరములో 1757లోనే తిరుగుబాటు లేచినదనియు, దానిని క్రూరముగా నణచిరనియు కూడ చెప్పవలెను.

మూడవ గిన్నె పోర్టు. ద్రాక్షరసము పులియుచుండగా నడుమనే, 77 పాళ్ల ఘాటుగల ద్రాక్షసారాను దానిలో పోయుదురు. పులియజేయు సూక్ష్మజీవులు చచ్చును. పులియక మిగిలిన తీపి అట్లే నిలిచిపోవును. దానిని పీపాలకెత్తి, పూర్వము చదునడుగు పడవలలో నది వెంట దింపి, పోర్టోకు ఎదురుగట్టున చల్లని కొట్లలో ఏండ్ల తరబడి ఉంచెడివారు. ఇప్పుడు నదికి ఆనకట్టలు పడినవి, లారీలు మోయుచున్నవి. కొయ్యద్వారా సన్నగా ఊపిరి పీల్చి పీల్చి, ఎఱ్ఱని రసము రాగిరంగునకు తిరుగును. పది యేండ్లనాటిదని ఆమె పోసిన గిన్నెను వాసన చూచితినో లేదో, మా యింటి పొయ్యి గుర్తునకు వచ్చినది: వేగిన చెనిక్కాయలు, ముదురుపాకమునకు వచ్చిన బెల్లము. వేరుసెనగ ఉండలు చుట్టునప్పుడు ఇల్లంతయు నిండు వాసన. కాగితములో ఆమె వ్రాసి యిచ్చిన పోలికలు అత్తిపండు, అక్రోటు. ఎవరి ముక్కు వారి ఊరిలో పెరుగును గదా.

ఇక నాల్గవది. నా దృష్టిలో ఆ ముప్పావుగంటయు దీనికొఱకే. మదైరా అట్లాంటిక్ సముద్రములో అగ్నిపర్వతము పొంగి యేర్పడిన దీవి. 1420 ప్రాంతమున పోర్చుగీసువారు అక్కడ కాపురమున్నారు. కొండవాలునకు మెట్లు కట్టి, వానపడు ఉత్తరపు కొండలనుండి 2000 కిలోమీటర్లకు మించిన కాలువలు త్రవ్వి పొలములకు నీరు తెచ్చుకొన్నారు. ఇండియాకు పోవు ఓడలు అక్కడ ఆగి పీపాలు ఎక్కించుకొనెడివి. ఓడ భూమధ్యరేఖను దాటి, ఆఫ్రికా కొనను చుట్టి, మన తీరమునకు వచ్చునప్పటికి నెలలు గడచును. అడుగు అరలో ఉక్క, వేడి, కుదుపు. ద్రాక్షాసవమునకు వేడి పరమశత్రువని లోకమెరిగినదే. ఒక వేసవిలో చెడిపోవును. కాని అమ్ముడుపోక తిరిగి దీవికి చేరిన పీపాలను విప్పిచూడగా, ఆ సరకు చెడుటకు మారుగా మునుపెన్నడు లేని రుచికి వచ్చియుండెను. అప్పటినుండి కావలెననియే పీపాలను ఇండియాకు పంపి త్రిప్పి తెప్పించుట మొదలైనది. దానికి 'విన్యో ద రోద', అనగా చుట్టి వచ్చిన ఆసవమని పేరు. ధరయు అందుకు తగినట్లే.

తరువాత ఓడలతో పనిలేని ఉపాయములు కనిపెట్టిరి. సామాన్యపు సరకును తొట్లలో 45 మొదలు 50 డిగ్రీల వేడిలో మూడు నెలలు తక్కువ కాకుండ ఉంచుదురు. మేలైనదానిని ఎండ తగులు అటుకగదులలో పీపాలలో పెట్టి, వేసవికి వేసవి కాగనిత్తురు. ఏండ్లు, కొన్నియెడల తరములు. ఇట్లు కాగినదానిని మరి యే ఎండయు ఏమియు చేయలేదు. మూత తీసిన సీసాయు నెలల తరబడి చెడదు. నోటబెట్టితిని. మాడు వాసనకు వెంట్రుకవాసి ఇవతలనున్న బెల్లము, దాని వెనుకనే కత్తివంటి పులుపు. చింతపండు, బెల్లము కలిసి ఉడికినప్పటి రుచి. మ్రింగిన తరువాత నిమిషము దాటియు నాలుకపై నిలిచియున్నది. రేకుపాత్ర నా దగ్గరనే యున్నది; ఆ గిన్నెకు మాత్రము దాని యవసరము కలుగలేదు.

ఓడలు వచ్చినవన్నచో, దేనికొఱకు వచ్చినవి? మిరియములకు, బట్టలకు. ఆ సముద్రవ్యాపారములో గుఱ్ఱములు కూడ నుండెను. 1510లో గోవా వారి చేతబడిన తరువాత విజయనగరపు సేనకు కావలసిన పారసీకపు, అరబ్బీ గుఱ్ఱములు ముఖ్యముగా ఆ రేవుననే దిగెడివి. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పేష్ అను పోర్చుగీసువాడు అక్కడి అంగడిలో పణమునకు మూడు ద్రాక్షగుత్తులు, పది దానిమ్మకాయలు ఇచ్చుచుండిరని వ్రాసినాడు. అనగా ద్రాక్ష మన తోటలకు నిన్న మొన్న వచ్చినది కాదు. దానిని పండుగానే తింటిమి. 1565 తరువాత రాజధాని మా పెనుకొండకు తరలినది. గోవా గుఱ్ఱపు బేరము దెబ్బతిన్నది. ఆ ఓడలవారి వెంట వచ్చి నిలిచినవి వేరు: మిరపకాయ, జీడిమామిడి, జామ. మా కనగానపల్లి ఎఱ్ఱనేలను నేడు ఆక్రమించుకొన్న వేరుసెనగయు దక్షిణ అమెరికాలో పుట్టినదే.

ఇక్కడ నా మనసు కొంచెము కష్టపడినది. మా నాయన రెండు గింజలు నమిలి, ఇది గరుగునేల కాయ, ఇది నల్లరేగడి కాయ యని చెప్పెడివాడు. ఊరిలో ఆ నేర్పు గలవారు ఇంకను పలువురు గలరు. నీళ్లు నోటబోసికొని ఏ బావివో చెప్పు ముసలివారు గలరు. లిస్బనులో ఆ యువతి రుసుము తీసికొని నేర్పిన విద్య ఇదే గదా! కదిరి పరిశోధనా క్షేత్రము కదిరి-6, కదిరి లేపాక్షి వంటి మంచి వంగడముల నిచ్చినది. ధర్మవరపు పట్టుచీర తన ఊరిపేరుతోనే అమ్ముడుపోవుచున్నది. కాయ మాత్రము యార్డులో రాశిపోసిన మరుక్షణము ఊరు లేనిదగును. కనగానపల్లిది, రామగిరిది, ఏదైనను ఒకటే కుప్ప. నూనె ఎంత, తేమ ఎంత యని చూతురు. ఏ గట్టున పండినదని అడుగువాడు లేడు. ఎండయే మా యూరి లోపమని చిన్ననాటినుండి వినుచు వచ్చితిమి. ఆ ఎండను అటుకమీదికి పిలిచి పని చేయించుకొనువారిని చూచిన తరువాత ఆ మాటను తల యూచి యొప్పుకొనుట నాకు కష్టముగా నున్నది. అంతమాత్రమున కనగానపల్లిలో ద్రాక్షాసవము కాచవలెనని నా యభిప్రాయము కాదు. ఆ లోయలోను సుఖములే లేవు. 1860 తరువాత ఫిలాక్సెరా అను పురుగు వేళ్లను తిని తోటలను నాశనము చేయగా, విడిచిపెట్టిన మెట్లు కొన్ని ఇప్పటికిని పొదలెక్కి పడియున్నవి. వానికి వారు పెట్టుకొన్న పేరు 'మోర్టోరియో'. చావును తలపించు మాట అది. అమెరికా తీగవేరుమీద తమ తీగను అంటుగట్టి మిగిలిన తోటలను నిలుపుకొనిరి.

ఆ వైపు పోవు శ్రోతలు ఎవరైన నున్నచో కొన్ని మాటలు. పరగడుపున పోవలదు; రొట్టెముక్క, మంచినీళ్లు అడిగిన నిత్తురు. నాలుగు గిన్నెలకు మించి చూచినచో నాలుకకు తెలివి తప్పును. తీపివానిని చివర నుంచుకొనుడు. ముందే రుచి చూచినచో తక్కినవన్నియు నీళ్లగును. ఉమ్ముటకు సిగ్గుపడవలదు. త్రాగనివారు వాసన మాత్రమే చూచి ఊరకుండినను ఎవరును నొచ్చుకొనరు. మాతో వచ్చిన ఒక పెద్దావిడ అట్లే చేసినది, అందరికంటె ఎక్కువ వాసనలు ఆమెయే గుర్తుపట్టినది.