బంతిని వదిలే విద్య

(మన సంఘం యువజన విభాగంవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యువజనులు నాకిచ్చిన విషయం "ఆటగాని దృష్టి". ఆటనే జీవనోపాధిగా పెట్టుకున్న మనిషి ఆటను గురించీ, తీరును గురించీ, బ్రతుకును గురించీ ఏమనుకుంటాడు అన్నది ప్రశ్న. ఉగాది సభలలో సాహిత్యం మీదా, సంగీతం మీదా ప్రసంగాలు వినడం మనకు అలవాటు. ఆట మీద కూడా ప్రసంగమా అని కొందరు పెద్దలకు తోచవచ్చు. కాని ఇక్కడున్న పిల్లలలో చాలామంది సాయంత్రం పూట బాస్కెట్ బాల్ ఆడేవారే. పదో తరగతి రాగానే వారిని ఆట మాన్పించాలా వద్దా అన్న తర్కం మన ఇళ్లలో ఏటేటా వచ్చేదే. కనుక ఇది కేవలం వినోదానికి సంబంధించిన విషయం కాదని మనవి చేస్తున్నాను.

నేను చెప్పదలచినది ఒక్కటే మాట. ఆటగాడు బంతిని పట్టుకోవడం చేత పెద్దవాడు కాడు; ఎప్పుడు, ఎవరికి, ఎట్లా వదలాలో తెలియడం చేత పెద్దవాడవుతాడు. ఆటలో ఇది నిజం. తీరులో ఇది నిజం. బ్రతుకులో మరీ నిజం.

ముందుగా ఆట సంగతి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్ ఫీల్డ్ పట్టణంలో, వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడుండేవాడు. ఆయన కెనడా దేశంలో పుట్టినవాడు. బయట చలికాలం, లోపల పద్దెనిమిది మంది దుడుకు విద్యార్థులు. నాలుగు గోడల నడుమ ఆడదగిన ఆట ఒకటి కల్పించమని పై అధికారి ఆయనకు పద్నాలుగు రోజులు గడువిచ్చాడు. ఆటలలో దెబ్బలు ఎందుకు తగులుతున్నవని నైస్మిత్ ఆలోచించాడు. బంతి పట్టుకొని పరుగెత్తేవాడి మీదనే గదా తక్కినవారంతా పడేది! పరుగు లేకపోతే మీద పడవలసిన పని లేదు. అందుచేత బంతి చేతపట్టుకొని పరుగెత్తరాదని నియమం పెట్టాడు. గోలు నేలమీద ఉంటే ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొడతారు. దానిని తలకంటె ఎత్తున, నోరు ఆకాశం వైపు ఉండేటట్టు పెడితే బంతిని మెత్తగా, విల్లు వంపున వెయ్యక తప్పదు. పీచ్ పండ్ల బుట్టలు రెండు తెప్పించి వ్యాయామశాల మేడవసారా అంచుకు కొట్టించాడు. ఆ అంచు పది అడుగుల ఎత్తున ఉన్నది. అందుకనే ఈనాటికీ మన కంఠీరవ ఇండోర్ స్టేడియంలో కూడా కడియం పది అడుగుల ఎత్తునే ఉంటున్నది.

ఈ పుట్టుకలోనే ఒక నీతి ఉన్నది. ఇది బలవంతుడి దగ్గర బలాన్ని కొంత తీసివేసి కట్టిన ఆట. బంతిని నేలకు కొడుతూ ముందుకు సాగడం తరువాత వచ్చిన విద్య. మొదట ఉన్నది అందుకోవడమూ, అందించడమూ మాత్రమే.

మనిషికి చేతిలో ఉన్నది వదలబుద్ధి కాదు. అమెరికా వృత్తి జట్లలోనూ అదే జరిగింది. ఆధిక్యంలో ఉన్న జట్టు బంతిని తమలో తాము తిప్పుకుంటూ కాలం గడిపేది. 1950 నవంబరులో ఫోర్ట్ వేన్, మినియాపొలిస్ జట్ల మధ్య ఆట 19-18 పాయింట్లతో ముగిసిందంటే చూడవచ్చినవారి అవస్థ ఊహించుకోండి. చివరకు 1954లో ఇరవైనాలుగు సెకండ్ల నియమం తెచ్చారు. బంతి దొరికిన ఇరవైనాలుగు సెకండ్లలో బుట్టవైపు వేసి తీరాలి. లేదా ఎదుటివారికి అప్పగించాలి. ఇప్పుడు అంతర్జాతీయ పోటీలకూ ఇదే నియమం. బంతి ఎవరి సొత్తూ కాదు. కాసేపు మన దగ్గరకు వచ్చిన చుట్టం.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని మనకొక సామెత ఉన్నది. భోజనాల బంతికి అది సరిపోవచ్చు గాని, ఈ బంతికి సరిపోదు. ఇక్కడ వడ్డించేవాడు తనవాడెవడని చూస్తే ఆట పోతుంది. ఎవరిముందు చోటున్నది, ఎవరిని ఎదుటివారు వదిలేశారు అని చూడాలి. బెంగుళూరు మైదానాలలో మన పిల్లవాడి పక్కన కన్నడం మాట్లాడేవాడు, తమిళం మాట్లాడేవాడు, హిందీ మాట్లాడేవాడు ఆడుతుంటారు. బంతి అందించే క్షణంలో వాడికి భాష గుర్తుకు రాదు, చోటు మాత్రమే కనిపిస్తుంది. పొట్టచేతపట్టుకొని పరాయి రాష్ట్రానికి వచ్చి స్థిరపడిన మనకు ఇంతకన్న అవసరమైన చదువేమున్నది?

ఇక తీరు సంగతి. తీరంటే బూట్ల రంగు, జుట్టు కత్తిరింపు, బుట్టలో బంతి వేశాక చేసే విన్యాసం అని పిల్లలనుకుంటారు. వేషం ముచ్చటైనదే, నేను కాదనను. అయితే పెద్ద ఆటగాళ్ల తీరు వేషం దగ్గర మొదలుకాలేదు.

కాలిఫోర్నియాలో జాన్ వుడెన్ అనే శిక్షకుడు 1964 మొదలు 1975 వరకు తన విశ్వవిద్యాలయ జట్టుకు పది జాతీయ విజయాలు సాధించి పెట్టారు. కొత్తగా చేరిన యువకులకు మొదటినాడు ఆయన చెప్పే పాఠం మేజోళ్లు తొడుక్కోవడం! మేజోడులో ముడత ఉంటే కాలు బొబ్బలెక్కుతుంది. బొబ్బ ఉంటే అభ్యాసం పోతుంది. అభ్యాసం పోతే ఆట పోతుంది. దేశంలో పేరుమోసిన యువకులు చేరి, కుర్చీలో కూర్చుని మేజోళ్లు సవరించుకోవడం నేర్చుకున్నారు.

అట్లా నేర్చుకున్నవారిలో కరీం అబ్దుల్ జబ్బార్ ఒకరు. ఏడడుగుల రెండంగుళాల మనిషి. ఆయన విద్యార్థిగా ఉండగానే, 1967లో, కడియం పైనుంచి బంతిని లోపలికి కుక్కడం కాలేజీ ఆటలలో నిషేధించారు. ఆయనను దృష్టిలో పెట్టుకొనే ఆ నియమం చేశారని అప్పట్లో చాలామంది అనుకున్నారు. అంత పొడగరికి అది చేతిలోని ఆయుధం లాగివేయడమే. ఆయన చిన్ననాడు నేర్చిన మరొక విద్యకు సానపెట్టారు. బుట్టకు పక్కగా తిరిగి, ఒంటిచేతిని తలపైకి చాచి, వేళ్ల చివరనుంచి బంతిని ఆకాశంలోకి వదిలేవారు. స్కై హుక్ అని దానికి పేరు. ఎదుటివాడి చెయ్యి అక్కడికి అందదు. ఇరవై ఏళ్ల వృత్తిజీవితంలో ఆయన 38,387 పాయింట్లు చేశారు. 1984లో ఆయన చేజిక్కించుకున్న అత్యధిక పాయింట్ల స్థానం 2023 ఫిబ్రవరిలో లెబ్రాన్ జేమ్స్ దాటేదాకా దాదాపు 39 ఏళ్లు ఆయనదే. తీసివేసిన చోటనే తీరు పుట్టింది!

ఆయన పెట్టుకున్న పెద్ద కళ్లద్దాలు కూడా చూసేవారికి వేషంగా కనిపించినవి. నిజానికి ఆటలో కళ్లకు గాయాలై, రక్షణకోసం పెట్టుకున్నవి అవి. అవసరానికి పెట్టుకున్నది గుర్తుగా నిలిచింది. గుర్తుకోసం పెట్టుకున్నది పాతబడిపోతుంది. నలభై రెండో ఏటిదాకా ఆడగలిగినందుకు యోగాభ్యాసం తోడ్పడిందని ఆయనే చెప్పారు. మన పెరటి చెట్టును మనం ఎంతవరకు వాడుకుంటున్నామో ఆలోచించవలసి ఉన్నది.

అదే దేశంలో బిల్ రసెల్ అనే మరొక మహానుభావుడు పదమూడేళ్లు ఆడి పదకొండు సార్లు జట్టును విజేతగా నిలబెట్టారు. ఎదుటివాడు వేసిన బంతిని గాలిలో అడ్డుకోవడంలో ఆయన దిట్ట. జనం మెచ్చేటట్టు ఆ బంతిని బయటికి కొట్టవచ్చు. కాని బయటికి పోతే బంతి మళ్లీ ఎదుటివారిదే అవుతుంది. ఆయన దానిని మెల్లగా తట్టి తనవారి చేతికి చేర్చేవారు. చప్పట్లు కొంచెం తగ్గుతవి, ఆట దక్కుతుంది.

ఇక బ్రతుకు. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని సంవత్సరానికి ఒకసారి చెవులు రిక్కించి వింటాం. ఆటగాడికి ఈ నాలుగు లెక్కలూ ప్రతి సాయంత్రం బోర్డు మీద రాసి చూపిస్తారు. పూజ్యం చూసి పొంగక, అవమానం చూసి కుంగక మర్నాడు ఉదయం ఆరు గంటలకు మైదానానికి రావడం వాడి వృత్తి.

ఆదాయం మాట వచ్చింది గనుక ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. మన దేశంలో బాస్కెట్ బాల్ అన్నం పెట్టే వృత్తిగా ఇంకా స్థిరపడలేదు. 2015లో యునైటెడ్ బాస్కెట్ బాల్ అలయన్స్ పేర ఒక వృత్తి పోటీ మొదలై, బెంగుళూరు పేరనూ హైదరాబాదు పేరనూ జట్లు ఆడినవి. 2017తో అది ఆగిపోయింది. తరువాత వేరే ప్రయత్నాలు జరిగినవి. అదే 2015లో పంజాబు రైతుబిడ్డ సత్నాం సింగ్‌ను అమెరికాలో డల్లాస్ జట్టువారు ఎంపిక చేసుకున్నారు. ఆ గౌరవం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. కాని అక్కడి ప్రధాన పోటీలో ఒక్క ఆటైనా ఆడే అవకాశం కలగలేదు. ఇక్కడి ఆటగాళ్లను నిలబెట్టినవి ఎక్కువగా ఉద్యోగాలే: రైల్వేలు, బ్యాంకులు, ఓ.ఎన్.జి.సి. వంటి సంస్థలు, పోలీసు శాఖలు. ఈ ఊళ్లో విజయా బ్యాంకు జట్టుకు మంచి పేరుండేది. 2019 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసిపోయింది. కాబట్టి తల్లిదండ్రుల భయం వట్టి భయమని నేను అనను. చదువు విడిచి ఆట పట్టుకోమని ఏ పిల్లవాడికీ చెప్పను.

కాని ఆట విడిచి చదువు మాత్రమే పట్టుకోమని కూడా చెప్పను. ఎందుకో రెండు ఉదాహరణలతో మనవి చేస్తాను.

2017 జులైలో మహిళల ఆసియా కప్పు పోటీలు ఈ బెంగుళూరులోనే జరిగినవి. రెండవ శ్రేణి తుది ఆటలో భారత జట్టు కజకిస్తాన్‌ను 75-73 తేడాతో గెలిచి మొదటి శ్రేణికి ఎక్కింది. ఆ జట్టులో చెన్నైకి చెందిన అనితా పాల్ దురై గారు ఆడారు. ఆమె దక్షిణ రైల్వే ఉద్యోగి. పందొమ్మిదో ఏటనే భారత జట్టుకు నాయకురాలై, పద్దెనిమిదేళ్లు దేశం తరఫున ఆడారు. నడుమ తల్లి అయ్యారు. ఇక చాలునని ఇంట్లో కూర్చుంటే ఎవరూ తప్పుపట్టరు. ఆమె ఆటను వదిలి, మళ్లీ అందుకున్నారు. 2021లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. పెండ్లితోనే ఆడపిల్ల ఆట సరి అనుకునేవారు ఈమెను జ్ఞాపకం పెట్టుకోవాలి.

రెండవ ఉదాహరణ మన తెలుగువారిది. ఆట వేరు, బాడ్మింటన్. దృష్టి మాత్రం ఇదే. నాగండ్ల గ్రామంలో పుట్టిన పుల్లెల గోపీచంద్ గారికి 1994లో ఆడుతుండగా మోకాలి నరం తెగింది. ఆట ముగిసిందనుకున్నారు. ఆయన ఈ బెంగుళూరులో ప్రకాశ్ పదుకోనె, గంగూలీ ప్రసాద్ గార్ల శిక్షణలో తిరిగి నిలదొక్కుకొని, 2001 మార్చిలో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండు విజేత అయ్యారు. 1980లో గురువుగారికి దక్కినది శిష్యుడికీ దక్కింది. అంతకన్న పెద్ద ఆట తరువాత ఆడారు. శీతల పానీయానికి ప్రచారం చేయమని డబ్బిస్తామని వస్తే, ఆరోగ్యానికి మంచిది కానిదాన్ని పిల్లలకు తాగమని చెప్పలేనని వదులుకున్నారు. ఆపైన ఇల్లు తాకట్టు పెట్టి గచ్చిబౌలిలో శిక్షణాలయం కట్టారు. 2008లో అది తెరుచుకున్నది. 2012లో సైనా నెహ్వాల్‌కు ఒలింపిక్ కాంస్యం, 2016లో పి.వి. సింధుకు రజతం వచ్చినప్పుడు శిక్షకుడి స్థానంలో ఉన్నది ఆయనే. బంతిని తనకన్న మంచి చోటున ఉన్నవారికి అందించడమంటే ఇదే గదా!

ఆటగాడి శరీరానికి కూడా ఇరవైనాలుగు సెకండ్ల గడియారమొకటి ఉన్నది. ముప్పై అయిదేళ్లకు చాలామందికి అది మోగుతుంది. దానిని ముందే ఎరిగినవాడు రెండవ జీవితానికి సిద్ధపడతాడు. మనలో ఉద్యోగాలు చేసేవారికి ఆ గంట అరవైకి గాని వినపడదు. అందుకని వదలడం నేర్చుకోము. కుర్చీ వదలము, పెత్తనం వదలము, పిల్లల మీద మన ఆశలు వదలము.

కాబట్టి తల్లిదండ్రులకు నా విన్నపం: పదో తరగతిలో ఆట గంటలు తగ్గించండి, ఆట తుంచకండి. పిల్లలకు నా విన్నపం: ఆట మానకుండా ఉండాలంటే పుస్తకం కూడా సకాలంలో తెరవండి; అదీ నియమమే.

సంఘం పెద్దలకు ఒక చిన్న సూచన. ఏటా ఉగాది పోటీలలో ఎక్కువ పాయింట్లు చేసినవారికి కప్పు ఇస్తున్నాం. వచ్చే ఏడాదినుంచి, తోటివారికి ఎక్కువసార్లు బంతి అందించి పాయింటు చేయించిన పిల్లకో పిల్లవాడికో మరొక కప్పు ఇద్దాం. లెక్క రాసే పని నేను చూసుకుంటాను.