వానను ఆపి చెమటను విడుచు వస్త్రము



2014వ సంవత్సరము మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ యను పదుమూడేండ్ల బాలికయు, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనందకుమారు అను బాలుడును ఎవరెస్టు శిఖరము నెక్కిరి. ఆ వార్త విని సంతోషించినవారు మీలో అనేకులుందురు. ఎవరెస్టు నెక్కినవారి ఛాయాచిత్రములను చూచి, "మనిషికంటె బట్టలే ఎక్కువగా నున్నవే!" అని ఆశ్చర్యపడినవారును ఉందురు. పర్వతారోహకుల బట్టలను గూర్చియే నేడు కొన్ని మాటలు చెప్పదలచితిని.

కొండ నెక్కువానికి శత్రువు చలి యని మనము తలంతుము. అది నిజమే. కాని ఆ చలికి తలుపు తీయునది తడి. ఆ తడి యంతయు ఆకాశమునుండియే వచ్చునని అనుకొనరాదు. అతని దేహమునుండియు వచ్చును. బరువు మోయుచు ఏటవాలున ఎక్కు మనుష్యునికి గంటకొక లీటరు వరకు చెమట పట్టవచ్చును. ఎక్కుచున్నంతసేపు ఒడలు వేడిగానే యుండును. అలసి ఒక రాతిచాటున నిలిచినతోడనే ఆ చెమటయే అతనిని చల్లబరుప నారంభించును.

ఇందులోని సూత్రము మన ఇంటిలోనే కలదు. వేసవిలో మట్టికుండలోని నీరు ఏల చల్లబడును? కుండకు గల సన్నని రంధ్రములగుండ నీరు వెలుపలికి ఊరి, ఆవిరియై పోవుచు, లోపలి వేడిమిని కొంచెము కొంచెముగా తనతో తీసికొనిపోవును. తడిసిన మనుష్యుడు అట్టి కుండయే. ఇంతేకాక, నీరు గాలికంటె సుమారు ఇరువదియైదు రెట్లు సులభముగా వేడిమిని లాగికొనును. వైశాఖమాసపు ఎండలో పొలమున పనిచేయువానికి చెమటతో తడిసిన నూలు చొక్కా హాయినిచ్చును. ఆ చొక్కాయే మంచుకొండమీద ప్రాణమునకు ముప్పు. మన గొఱ్ఱెలకాపరులు వానలో నూలుబట్ట నమ్ముకొనక గొంగళి కప్పుకొనుట తెలివైన పని. ఉన్ని తడిసినను తన వెచ్చదనమును పూర్తిగా విడువదు.

వానను ఆపు బట్ట చేయుట చాలకాలము క్రిందటనే సాధ్యమయ్యెను. 1823లో గ్లాస్గో నగరవాసి చార్లెస్ మాకింటాష్ అను రసాయనికుడు, రబ్బరును నాఫ్తా అను తైలములో కరగించి, రెండు బట్టలనడుమ పూసి అతికించు పద్ధతికి హక్కుపత్రము పొందెను. ఆ బట్టలోనికి చుక్క నీరు దిగదు. కాని లోపలి ఆవిరియు వెలుపలికి పోదు. దానిని తొడిగికొని కొండనెక్కువాడు వానలో తడియడు గాని తన చెమటలో తాను ఉడుకును. పర్వతారోహకులకు దీనివలన కలిగిన మేలు మిక్కిలి కొంచెము.

అందుచేత వారు చాలకాలము వానను పూర్తిగా ఆపు బట్టను విడిచి, గాలిని ఆపు బట్టను ఆశ్రయించిరి. 1879లో తామస్ బర్బెరీ అను ఇంగ్లీషు వర్తకుడు గాబర్డీను అను వస్త్రమును కనిపెట్టి 1888లో దానికి హక్కుపత్రము పొందెను. నేసిన బట్టకు పూత పూయుటకు మారుగా, నేయుటకు ముందే నూలునకు నీరంటని పాకము పట్టించుట ఇందలి విశేషము. 1924 జూన్ 8వ తేదీన ఎవరెస్టు శిఖరమునకు సమీపమున అదృశ్యమైన జార్జి మాలరీ ఇట్టి గాబర్డీను దుస్తులనే ధరించెను. లోపల పట్టు, నూలు, ఉన్ని చొక్కాయలను ఒకదానిపై నొకటి తొడిగికొనెను. 1999లో అతని దేహము దొరకినప్పుడు ఆ బట్టల ముక్కలును దొరకెను. వానిని శోధించి, అచ్చముగా అటువంటివే కుట్టించి, 2006లో ఎవరెస్టు ప్రాంతమున ఒకరు తొడిగి చూచిరి. వాతావరణము బాగుగా నున్నంతవరకు అవి తేలికగను, వెచ్చగను ఉన్నట్లు తేలెను. పూర్వులు చలికి చింకిబట్టలతో పోయిరని పరిహసించువారు ఈ సంగతి తెలిసికొనవలెను. ఆకాశము అనుకూలించినంతసేపు వారి బట్టలు తక్కువవి కావు. మబ్బు కమ్మినప్పుడే ఇబ్బంది యంతయు.

ఇంకొకరిని ఇచట తలపక పోరాదు. జార్జి ఫించి యను రసాయన శాస్త్రజ్ఞుడు 1922లో, ఆకాశమున ఎగురు బెలూనుల బట్టలో బాతు ఈకలు కూర్చి అంగీ కుట్టించుకొని ఎవరెస్టునకు పోయెను. తోడివారు మొదట దానిని చూచి నవ్విరి. చలి ముదిరిన తరువాత నవ్వుట మానిరి. ఆ అంగీతో నతడు సుమారు 27,300 అడుగుల ఎత్తునకు చేరెను. ఈ ఫించియే 1952 నుండి 1957 వరకు పుణెలోని జాతీయ రసాయన పరిశోధనశాలకు డైరెక్టరుగా నుండెను. నేడు ఎవరెస్టు నెక్కువారు ధరించు ఈకల దుస్తులకు అతని అంగీయే పెద్ద.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ప్రత్తియే ఒక చిత్రము చేసెను. ఉత్తర సముద్రముల గడ్డకట్టు నీటిలో పడిన వైమానికులు కొద్ది నిమిషములలోనే చనిపోవుచుండిరి. ఇంగ్లండులో మాంచెస్టరునందలి షర్లీ పరిశోధనాలయమువారు మిక్కిలి పొడుగుపింజ ప్రత్తిని ఏరి, సన్నని నూలు తీసి, దారము ప్రక్క దారము ఇరుకునట్లు దట్టముగా నేయించిరి. దానికి వెంటైల్ అని పేరు. పొడిగా నున్నప్పుడు ఆవిరి దానిగుండ పోవును. తడి తగులగానే ప్రత్తిపోగులు ఉబ్బి, సందులను మూసివేయును. ప్రత్తి పండించు రైతులు దీనిని విని సంతోషింపవచ్చును. పింజ పొడుగు ఒక ప్రాణమునకు విలువయైనది. యుద్ధానంతరము పర్వతారోహకులును, ధ్రువప్రాంతములకు పోవువారును దానిని కోరి తొడిగిరి. కాని చాలసేపు నానిన పిదప అది బరువెక్కును, గడ్డకట్టినప్పుడు పలకవలె బిగియును.

తరువాతి మార్పు వంటయింటి సంబంధము కలది. అట్టు అంటుకొనకుండ పెనములకు పూయు టెఫ్లాన్ అను పదార్థమును మీరెరుగుదురు. దానిని 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అను శాస్త్రజ్ఞుడు అనుకొనకుండ కనుగొనెను. 1969లో డెలవేర్ రాష్ట్రమునందు బాబ్ గోర్ అను నతడు ఆ పదార్థపు కడ్డీలను వేడిచేసి మెల్లమెల్లగా సాగదీయుటకు ప్రయత్నించుచుండెను. ప్రతి కడ్డీయు తెగిపోవుచుండెను. విసిగి ఒకదానిని ఒక్కసారిగా గుంజెను. అది తెగక ఎన్నో రెట్లు సాగెను! లోపల లెక్కకు మించిన సూక్ష్మరంధ్రములేర్పడి, అందులో నూటికి సుమారు డెబ్బదివంతులు గాలియే అయ్యెను. దానితో చేసిన పలుచని పొరలోని రంధ్రములు నీటిచుక్కకంటె ఇరువదివేల రెట్లు చిన్నవనియు, ఆవిరి అణువుకంటె ఏడువందల రెట్లు పెద్దవనియు తయారుచేసినవారు లెక్క చెప్పిరి. వానచుక్క ఆగును, చెమట ఆవిరి దాటును. దీనికి గోర్‌టెక్స్ అని పేరు పెట్టిరి. 1976 మొదలుకొని ఈ పొరతో చేసిన గుడారములును అంగీలును అమెరికాలో అమ్మకమునకు వచ్చెను.

మొదటి అంగీలు అందరిని తృప్తిపరుపలేదు. ఒంటి జిడ్డు తగిలి పొర చెడి, నీరు కారెను. ఆ జిడ్డును ఆపు మరియొక పూతను వేసి దిద్దుకొనిరి. కుట్టుపోట్ల రంధ్రములలో నీరు దిగకుండ కుట్లమీద పట్టీలు అతికించిరి. అప్పటినుండి పర్వతారోహకుని మూటయే మారెను. మునుపు గాలికొక అంగీ, వానకొక అంగీ మోయువాడు ఇప్పుడు ఒకే అంగీతో సరిపెట్టుకొనసాగెను. చెమటను లాగి ప్రక్కకు పంపు పలుచని లోచొక్కా ఒకటి, వెచ్చదనమునకు ఉన్నిగాని ఈకలుగాని నడుమ ఒకటి, వాని మీద ఈ అంగీ. ఈ మూడును కలిసి పనిచేయవలసినవే. లోపల నూలు బనియను తొడిగి పైన ఎంత వెలగల అంగీ వేసికొన్నను ప్రయోజనము లేదు.

ఈ బట్టను గూర్చి వర్తకులు చెప్పునంత మహిమను నేను నమ్మను. ఆవిరి తనంత తాను బయటికి పోదు. లోపల తేమ యెక్కువ, బయట తక్కువ యైనప్పుడే పోవును. ముసురుపట్టిన వెచ్చని వానలో బయటనే తేమ నిండియున్నప్పుడు అది ఎచటికి పోగలదు? మన శ్రావణమాసములో ఈ అంగీ తొడిగినవాడు గిడుగు పెట్టుకొన్నవానిని చూచి అసూయపడును. అంగీ చంకలక్రింద గాలికొరకు పొడుగైన జిప్పులు పెట్టుట చూచితిమా, బట్ట యొక్కటియే చాలదని కుట్టినవారే ఒప్పుకొన్నట్లు. మరియు పై గుడ్డమీద నీరు తామరాకుమీదివలె జారిపోవలెను. ఆ గుణము పోయి గుడ్డ నానినచో, లోపలి పొర చెడకున్నను ఆవిరికి దారి మూతపడును. అట్టివాడు తన చెమటతో తడిసి, అంగీ కారినదని దానిని తిట్టును. ఎవరెస్టు పైభాగమున వాన లేదు, పొడిమంచే. అచట ఈకల దుస్తును, గాలిని ఆపు గుడ్డయును ముఖ్యము. ఈ పొర నిజముగా ప్రాణమును కాపాడునది దిగువ వాలులలో, వానయు తడిమంచును కలిసి కురియు చోట్లలో.

నీరు జారుటకు పై గుడ్డకు పట్టించు ఫ్లోరిను మందులు మట్టిలోను నీటిలోను నశింపక నిలిచియుండునని శాస్త్రజ్ఞులు చాటిరి. 2025 జనవరి 1 నుండి కాలిఫోర్నియా రాష్ట్రములో సామాన్యవస్త్రములందు వాని వాడుకను నిషేధించిరి. తీవ్రమైన తడిలో వాడు దుస్తులకు మాత్రము కొంత గడువిచ్చిరి. ఫ్లోరిను లేని పొరలును అమ్మకమునకు వచ్చినవి.

ఇంతకును ఈ బట్ట ఎవరి ఒంటిమీద నున్నదో కూడ చూడవలెను. నేపాళమున పర్వతయాత్రికుల బరువులు మోయు కూలీలలో అనేకులు పలుచని చొక్కాయతో, చిరిగిన చెప్పులతో మంచులో నడచినవారు. యజమానుని సంచిలో నున్న వెలగల అంగీని మోసినది వారి వీపే. 1997లో ఒక కూలివాని మరణానంతరము వారి రక్షణకొరకు అంతర్జాతీయసంఘ మొకటి ఏర్పడెను. అది ప్రకటించిన నియమములలో ఋతువునకును ఎత్తునకును తగిన బట్టలను కూలివానికిని ఇయ్యవలెనని యున్నది. గాలి చొరని అంగీ, లాగు, వెచ్చని లోదుస్తులు, మేజోళ్లు, తగిన పాదరక్షలు, టోపీ, చేతితొడుగులు, మంచు తళుకునుండి కన్నులను కాపాడు అద్దములు అని వానిని పేరుపేరున వ్రాసిరి.