చెరువు నిండినప్పుడు మన వేట

 చెరువులో వేటాడి, బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్ముకునే ఆడోళ్లం మన సంఘాల్లో ఉన్నాం. అందుకే పొదుపు లెక్కలతో పాటు నీళ్ల సంగతి కూడా మాట్లాడుకుందాం.

మన నెల్లూరు జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2015 నవంబరు, 2021 నవంబరు మనం మరిచిపోలేదు. 2021లో పెన్నమ్మ పొంగితే పడుగుపాడు దగ్గర రైలు కట్టే కోసుకుపోయింది. ఆ నీళ్ల ముందు మన వల ఎంత?

చెరువు నిండితే చేప ఎక్కువ పడుతుందనుకుంటాం. మొదట తగ్గుతుంది. నీళ్లు పెరిగేకొద్దీ చేప చెదిరిపోతుంది. కొత్తగా మునిగిన గడ్డిలో పురుగులు, వానపాములు దొరుకుతాయి కాబట్టి లోతు వదిలి అంచుకొస్తుంది. కనుక నడిచెరువులోకి పోనక్కర్లేదు. మోకాటి లోతులో, గడ్డి పక్కన సాయంత్రం వల కట్టి తెల్లారి తీసుకుంటే చాలు. చిల్లకంప మునిగిన చోట విసురు వల చిరిగిపోతుంది, అక్కడ మావులు పెట్టాలి. నీళ్లు బురదగా ఉన్నప్పుడు జెల్ల, మార్పు వాసన పట్టుకుని వస్తాయి. గాలానికి వానపాము గుచ్చితే సరి.

వాగు నీళ్లు చెరువులో పడేచోట గుడ్ల చేప ఎదురెక్కుతుంది. అక్కడ అడ్డంగా వల కట్టొద్దు. కొర్రమీను అంచు గడ్డిలో పిల్లల్ని కాచుకుంటుంది. దాన్ని పట్టేస్తే పిల్లల్ని వేరే చేపలు మింగేస్తాయి. వేసవిలో నష్టపోయేది మనమే.

కలుజు పారితే అందరూ అక్కడికే పరిగెత్తుతారు. పాచి రాయి మీద కాలు జారితే మనిషి దక్కదు. తూము దగ్గర లాగుడు పైకి కనపడదు. కలుజుకు అడ్డంగా వల కడితే చెత్త పట్టి, నీళ్లు ఎగదన్ని, చెరువు కట్టకే ముప్పు.

అందరం ఒకేసారి సంతకు పోతే రేటు పడిపోతుంది. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చే చేప, మూతేసిన తొట్టిలో కొద్ది నీళ్లతో బతికే ఉంటుంది. బతికిన చేపకే ధర. మిగతావి కడిగి ఉప్పు పట్టించి, ఎండ కాసినప్పుడు టార్పాలిన్ మీద ఆరబెట్టుకుందాం.

ఇన్ని తెలిసీ ముసురులో నీళ్లలోకి ఎందుకు దిగుతాం? ఇంట్లో బియ్యం నిండుకుని దిగుతాం, కిస్తీ గుర్తొచ్చి దిగుతాం. కాబట్టి మనం చేసుకోవాల్సిన తీర్మానం ఇది: వరద హెచ్చరిక వచ్చిన రోజుల్లో ఎవరూ చెరువులో దిగకూడదు. ఆ రోజులకు సంఘం అంతర్గత అప్పు కింద బియ్యం డబ్బులు ఇవ్వాలి. ఆ నెల కిస్తీ వెనక్కి జరపాలి.

ఇంకొకటి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద 18 నుంచి 70 ఏళ్ల మత్స్యకారులకు ప్రమాద బీమా ఉంది. ప్రమాదంలో ప్రాణం పోతే 5 లక్షలు. ప్రీమియం మనం కట్టక్కర్లేదు, పేరు నమోదై ఉండాలి. ఆడోళ్లం కూడా వేటకు పోతున్నాం కదా, ఇంట్లో మగాయన పేరుతో పాటు మన పేరూ రాయించుకుందాం.

1992లో దూబగుంట ఆడోళ్లు సారా వద్దని ఒక్క మాట మీద నిలబడ్డారు. అది మన జిల్లానే. పొంగే నీళ్లలోకి ఇంటి మనిషిని పోనివ్వమని మనమూ ఒక్క మాట మీద నిలబడదాం. నీళ్లు దిగితే చేప ఎటూ మడుగుకు చేరుతుంది. అప్పటికి మనం ఉండాలి.

సెలవు.