బులంద్ దర్వాజా



ఆగ్రా పట్టణమునకు పడమటి దిక్కున సుమారు 37 కిలోమీటర్ల దూరమున ఒక ఎఱ్ఱరాతి గుట్ట కలదు. దానిపై నున్న సిక్రీ గ్రామమున షేక్ సలీం చిష్తీ అను సూఫీ మహనీయుడు నివసించుచుండెను. అక్బరు చక్రవర్తి రాజ్యము నానాటికి పెరుగుచుండెను గాని, ఆయనకు పుట్టిన బిడ్డలు బ్రతుకకుండిరి. ఈ వేదన రాజునకును పేదకును ఒక్కటియే కదా! ఆయన షేకు గారిని ఆశ్రయించెను. 1569లో సిక్రీయందే కుమారుడు కలిగెను. బిడ్డకు షేకు గారి పేరే పెట్టిరి. ఆ సలీమే తరువాతి జహంగీరు చక్రవర్తి. 1571లో అక్బరు ఆ గుట్టపై క్రొత్త రాజధానిని నిర్మింప నారంభించెను.

నగరమునకు ప్రాణమువంటిది అచ్చటి జామా మసీదు. నడుమ విశాలమైన ముంగిలి, పడమట ప్రార్థనాశాల, తక్కిన దిక్కుల స్తంభములతో కూడిన వసారాలు. 1572లో షేకు గారు దివంగతులు కాగా ఆ ముంగిటనే సమాధి కట్టిరి. చుట్టును ఎఱ్ఱరాయి, నడుమ నీ తెల్లని చలువరాతి కట్టడము. దాని గవాక్షములలోని జాలీ పని చూచినచో రాతిని చెక్కిరో, వస్త్రమును నేసిరో తెలియదు. సంతానము కోరువారు నేటికిని ఆ జాలీలకు దారములు కట్టుచున్నారు.

దక్షిణ దిక్కుననున్నదే బులంద్ దర్వాజా. 1573లో గుజరాతును జయించినందుకు గుర్తుగా అక్బరు దీనిని కట్టించెనని ప్రతీతి. కట్టిన సంవత్సరమును గూర్చి మాత్రము పండితులు భిన్నముగా చెప్పుదురు. ద్వారము ఎత్తు 134 అడుగులు. క్రింది మెట్లతో కలిపి 176 అడుగులు. రెండు తాడిచెట్లను ఒకదానిపై నొకటి నిలిపినను దాని తలను అందుట దుర్లభము. అయినను మనుష్యుడు నడచు వాకిలి చిన్నదే. ముందు భాగమున అర్ధగుమ్మటముతో లోతుగా తొలిచిన పెద్ద కమాను. దాని అడుగున మన కొలతకు తగిన తలుపు. లోపలి వైపునకు వచ్చుసరికి కట్టడము అంచెలంచెలుగా తగ్గిపోవును. నా మట్టుకు, ఇది మసీదునకు మించిన ద్వారమే. వెలుపలినుండి చూచువానికి మొదట దేవుడు కాదు, చక్రవర్తియే కనబడును.

అయితే ఆ ద్వారముపైననే ఒక విచిత్రము కలదు. అక్బరు దక్షిణాపథ విజయమును తెలుపు 1601 నాటి శాసనము ఒకచోట. ఈ లోకము వంతెన వంటిదనియు, దాటిపోవలసినదే కాని దానిపై ఇల్లు కట్టుకొనరాదనియు ఏసు ప్రవక్త చెప్పెనను వ్రాత మఱియొకచోట! ముసల్మాను చక్రవర్తి తన విజయద్వారముపై ఏసు పేర ఇట్టి మాట చెక్కించుట సామాన్యము కాదు.

అప్పటికి ఆయన ఆ నగరమును విడిచి పదునాఱేండ్లయినది. నీరు చాలక విడిచెనని జనులందురు. అది కొంతవఱకు నిజమై యుండవచ్చును గాని, 1585లో కాబూలునేలుచున్న తమ్ముడు మీర్జా హకీము మరణించుటచే వాయవ్య సరిహద్దును కాచుకొనవలసివచ్చెను. చక్రవర్తి పంజాబునకు తరలి 1598 వఱకు లాహోరులోనే యుండెను. కొలువు కదలగా నగరము చిన్నబోయెను. మసీదు మాత్రము చిన్నబోలేదు. దర్గాకు వచ్చువారు మానలేదు.

ఆ మహాద్వారపు కొయ్యతలుపులపై గుఱ్ఱపు నాడములు కొట్టియున్నవి. గుఱ్ఱమో, ఎద్దో జబ్బుపడినప్పుడు చుట్టుప్రక్కల వారు షేకు గారికి మ్రొక్కుకొని వాటిని అచ్చట కొట్టిరి.